పిల్లల అరికాళ్ల పగుళ్లు: ఏ క్రీమ్ అని అడిగే ముందు ఎక్కడ పగిలిందో చూడండి

చిన్నపిల్లల కాళ్లు పగిలాయనగానే మన ఇళ్లల్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ క్రీమ్ రాయాలి?" అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగి చూడండి, టీ చల్లారేలోపు బోలెడు పేర్లు వస్తాయి. ఒకరు కొబ్బరినూనె అంటారు, ఒకరు అందులో కర్పూరం కలపమంటారు, ఇంకొకరు మెడికల్ షాపులో దొరికే ఫలానా ట్యూబు ఫొటో పెట్టి "మా బాబుకి రెండు రోజుల్లో తగ్గింది" అంటారు. వీటిలో కొన్ని మంచివే, కొన్ని దండగ, కొన్ని నిజంగా ప్రమాదం. ఏది ఏదో తేల్చుకోవాలంటే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: పాదంలో ఎక్కడ పగిలింది? మడమ దగ్గరా, బొటనవేలి కిందా, వేళ్ల సందుల్లోనా, పాదం పైనా? ఒక కాలికేనా, రెండు కాళ్లకీనా? పైకి అన్నీ ఒకేలా ఎండిపోయినట్టు కనిపిస్తాయి కానీ చోటు మారితే కారణం మారుతుంది, కారణం మారితే చేయాల్సిన పనీ మారుతుంది.

కాబట్టి ఒక పని చేయండి. సెలవు రోజు పొద్దున, స్నానానికి ముందు, పిల్లాణ్ణి బాల్కనీలోనో కిటికీ దగ్గరో వెలుతురులో కూర్చోబెట్టి రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ట్యూబ్‌లైట్ కింద ఎరుపు సరిగ్గా తెలియదు, అందులోనూ మన చామనఛాయ చర్మం మీద ఎరుపు ఊదారంగులోనో ముదురు గోధుమరంగులోనో కనిపిస్తుంది. వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి సందుల్లో చూడండి. చేతులు కూడా తిప్పి అరచేతులు చూడండి. తర్వాత ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, నాలుగు వారాల తర్వాత పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.

మనకి బాగా తెలిసిన పగుళ్లు పెద్దవాళ్లవి. అమ్మమ్మ మడమలు, పొద్దంతా నిలబడి పనిచేసే వాళ్ల మడమలు. ఆ పగుళ్లు రావడానికి బరువు ముఖ్యమైన కారణం: ఒంటి బరువంతా మడమ మీద పడుతుంది, మడమ కింద ఉండే కొవ్వు మెత్త పక్కలకి జరుగుతుంది, అంచున గట్టిపడి ఎండిన చర్మం ఆ ఒత్తిడికి సాగలేక చీలుతుంది. నాలుగేళ్ల పిల్లకి అంత బరువు ఎక్కడిది? అందుకే చిన్నపిల్లల్లో పెద్దవాళ్లలాంటి లోతైన మడమ పగుళ్లు తక్కువ. చెప్పుల్లేకుండా గచ్చు మీద, అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో, ఇసుకలో తిరిగే పిల్లలకి చలికాలంలో మడమలు గరుకుగా అయ్యి సన్నని గీతలు పడటం మామూలే, అది తేలిగ్గా తగ్గిపోతుంది. కానీ మడమల కోసం పెద్దలు వాడే ప్యూమిస్ రాయి, మడమ బామ్‌లు, ఉప్పు వేసిన వేడినీళ్లు ఇవన్నీ అలాగే తీసుకొచ్చి పిల్లల కాళ్ల మీద ప్రయోగించడం దగ్గరే చాలా ఇళ్లల్లో తేడా వస్తుంది.

అరికాలి చర్మం ఒంట్లో మిగతా చర్మంలా ఉండదు. కనురెప్ప మీద పైచర్మం 0.05 మిల్లీమీటర్లు ఉంటే అరికాలి మీద దాదాపు 1.5 మిల్లీమీటర్లు. ఆ మందంలో ఎక్కువ భాగం పైన పేరుకున్న మృతకణాల పొర, మనం "పొట్టు" అనే పొర అదే. దానికి నడిచే బరువునీ రాపిడినీ తట్టుకునే శక్తి ఉంది కానీ ఒక లోటు కూడా ఉంది: అరికాల్లో నూనె గ్రంథులు అసలు లేవు. ముఖం మీద, తల మీద చర్మం తన నూనె తనే తయారు చేసుకుంటుంది, అరికాలికి ఆ సౌకర్యం లేదు. చెమట గ్రంథులు మాత్రం ఒంట్లో అన్ని చోట్లకంటే దట్టంగా, చదరపు సెంటీమీటరుకి వందల్లో ఉన్నాయి. అంటే తడి బాగా వస్తుంది, ఆ తడిని పట్టి ఉంచే జిడ్డు మాత్రం తక్కువ. పిల్లల పాదాల గొడవంతా చాలా వరకు ఈ ఒక్క సంగతి నుంచే పుడుతుంది.

ఇప్పుడు బొటనవేలి కింద, వేళ్ల మొదళ్ల కింద ఉండే ముందు భాగం సంగతి. స్కూలుకి వెళ్లే పిల్లల్లో ఎక్కువగా పగిలేది ఇక్కడే. చర్మం మైనం పూసినట్టు నున్నగా మెరుస్తూ, గులాబీ రంగులో, బిగుసుకుపోయినట్టు ఉంటుంది, గీతలు చెరిగిపోతాయి, ఆ మెరిసే చర్మం మీద సన్నని చీలికలు పడి నడిస్తే మంటగా ఉంటుంది. రెండు కాళ్లకీ దాదాపు ఒకేలా వస్తుంది. వేళ్ల సందులు మాత్రం శుభ్రంగా ఉంటాయి, పాదం మధ్యలో నేలకి తగలని వంపు కూడా బాగానే ఉంటుంది. చర్మవైద్యులు దీన్ని జువెనైల్ ప్లాంటార్ డెర్మటోసిస్ అంటారు. సుమారు మూడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల్లో, ఆడపిల్లలకంటే మగపిల్లల్లో కాస్త ఎక్కువగా, ఆస్తమా, ఎగ్జిమా, తుమ్ముల అలర్జీ ఉన్న ఇళ్లల్లో ఇంకొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. యుక్తవయసు వచ్చేసరికి చాలామందికి దానంతటదే పోతుంది. అంటువ్యాధి కాదు, మురికి వల్ల వచ్చింది కూడా కాదు, కాబట్టి పిల్లల్ని తిట్టకండి.

చూడటానికి ఎండినట్టుంటుంది, కారణం మాత్రం తడి. ఎండాకాలంలో నీళ్లు ఇంకిపోయిన చెరువు అడుగు చూడండి, అంత కాలం నానిన మట్టి ఒక్కసారిగా ఎండినప్పుడే నెర్రెలు విచ్చుకుంటుంది. నల్ల సింథటిక్ బూట్లలో, నైలాన్ సాక్స్‌లో ఆరేడు గంటలు చెమటలో నానిన పాదానికి కూడా జరిగేది అదే. సాయంత్రం ఇంటికి రాగానే బూట్లు విసిరేసి పిల్లాడు ఫ్యాన్ కింద గ్రానైట్ బండల మీద పరిగెడతాడు, నానిన పొర ఉన్నట్టుండి ఆరి కుంచించుకుపోతుంది. రోజూ నానడం, ఆరడం, మళ్లీ నానడం. దానికి ఆటలో రాపిడి తోడవుతుంది. ఇలాంటి పాదానికి రాత్రి ఎంత మంచి క్రీమ్ రాసినా పగలు బూటులో జరిగేది మారకపోతే ఫలితం సగమే ఉంటుంది. "అన్నీ రాశాం, తగ్గట్లేదు" అనే వాళ్లలో చాలామంది చూసుకోనిది ఇదే.

వేళ్ల సందుల్లో, ముఖ్యంగా చిటికెన వేలి పక్కన తెల్లగా నానినట్టు, పొట్టు లేస్తూ, దురదగా ఉంటే అప్పుడు తామర గురించి ఆలోచించాలి. పాదాల తామర యుక్తవయసు రాని పిల్లల్లో అంత మామూలు కాదు, కానీ ఇంట్లో పెద్దవాళ్లకి ఉంటే పిల్లలకి రావచ్చు, కాబట్టి నాన్న పాదాలూ గోళ్లూ కూడా ఒకసారి చూడండి. ఒక కాలికే ఉండటం, అంచు గుండ్రంగా ఎర్రగా తేలడం కూడా తామర వైపే చూపిస్తాయి. పాదం పైభాగంలో, చెప్పు పట్టీ తగిలే చోట ఆ పట్టీ ఆకారంలోనే ఎర్రబడి పొలుసులు లేస్తే రబ్బరులోనో, తోలు పదును చేసేటప్పుడు వాడే క్రోమియంలోనో, అతికించే జిగురులోనో ఏదో పడట్లేదని అర్థం. కొత్త చెప్పులు ఎప్పుడు కొన్నారో గుర్తు చేసుకోండి. పుట్టిన కొన్ని నెలల నుంచే అరికాళ్లూ అరచేతులూ పసుపురంగులో మందంగా ఉంటే అది వంశపారంపర్యంగా వచ్చే చర్మ సమస్య కావచ్చు, ఇంట్లో ఇంకెవరికైనా అలా ఉందా అడగండి. మోకాళ్ల కింద, కాళ్ల ముందువైపు చేప పొలుసుల్లాంటి పొడి చర్మం, అరచేతుల్లో మామూలుకంటే ఎక్కువ గీతలు ఉంటే అది ఇక్తియోసిస్ అనే వంశపారంపర్య పొడి చర్మ సమస్య కావచ్చు, అది చలికాలంలో పెరిగి వానల్లో తగ్గుతుంది.

ఇంకోటి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే అనవసరంగా టెన్షన్ పడేది ఇక్కడే. హ్యాండ్ ఫుట్ మౌత్ అని స్కూళ్లలో తిరిగే పొక్కుల జ్వరం తగ్గిన ఒకటి నుంచి మూడు వారాల్లో అరికాళ్లు, అరచేతులు పొరలు పొరలుగా ఊడిపోవచ్చు, ఇంకొన్నాళ్లకి గోళ్లు కూడా లేచి రావచ్చు, కింద కొత్తవి వస్తాయి, భయపడక్కర్లేదు. అదే అయిదు రోజులకి మించి జ్వరం ఉండి, కళ్లు ఎర్రబడి, పెదాలు పగిలి, నాలుక ఎర్రగా మారి, తర్వాత గోళ్ల చుట్టూ చర్మం ఊడుతుంటే అది కవాసాకి జబ్బు కావచ్చు. గుండె రక్తనాళాల మీద దెబ్బ పడే జబ్బు అది, పాదాలకి క్రీమ్ సంగతి పక్కన పెట్టి వెంటనే పిల్లల డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

మన హైదరాబాద్ సంగతి విడిగా చెప్పుకోవాలి. సముద్రానికి దూరంగా, దక్కన్ పీఠభూమి మీద 500 మీటర్లు దాటిన ఎత్తులో ఉన్నాం, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలిలో తేమ తగ్గిపోతుంది, విజయవాడలోనో వైజాగ్‌లోనో ఉండే బంధువుల పిల్లలకి లేని పొడితనం మన పిల్లలకి ఉండటంలో వింత లేదు. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు కూడా అంతే, ఏసీ గదిలో ఇంకా ఎక్కువ. జూన్‌లో స్కూళ్లు తెరవగానే కథ మారుతుంది, వానలో తడిసిన బూట్లు మర్నాటికి ఆరవు, తడి బూట్లలోనే పంపిస్తాం. కాబట్టి చలికాలంలో పెరిగే పగుళ్లకి పొడిగాలి కారణం కావచ్చు, జూన్ తర్వాత పెరిగే పగుళ్లకి బూటు కారణం కావచ్చు. ఏ నెలలో మొదలైందో రాసిపెట్టుకుంటే అదీ ఒక ఆధారమే.

తర్వాత నీళ్లు. కృష్ణ, గోదావరి, మంజీర నల్లా నీళ్లు వచ్చే ఇళ్లల్లో అంత ఇబ్బంది ఉండదు. శివారు కాలనీల్లో చాలా అపార్ట్‌మెంట్లు బోరు మీద, ట్యాంకర్ల మీద నడుస్తాయి, మనది రాతినేల, ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మీ ఇంట్లో కొలవక్కర్లేదు, నల్లాల చుట్టూ తెల్లగా సున్నం పేరుకుంటుంటే, సబ్బు నురగ రాకుండా తెట్టు కడుతుంటే అవి కాఠిన్యం ఎక్కువున్న నీళ్లే. ఆ తెట్టు చర్మం మీద కూడా మిగిలిపోయి మంట పెడుతుంది. పైగా చర్మానికి సహజంగా కాస్త పులుపు గుణం ఉంటుంది, పీహెచ్ 5 దగ్గర, మామూలు సబ్బు 9, 10 దగ్గర ఉంటుంది. కాబట్టి బోరు నీళ్లతో పాటు గట్టి సబ్బు రెండూ కలిస్తే పగిలిన పాదానికి ఇబ్బందే. ఒంటి మొత్తానికి నీళ్లు మార్చలేం కానీ పాదాలు నానబెట్టడానికి కావాల్సింది చిన్న టబ్బులో మూడు నాలుగు మగ్గులే, ఆ వరకు నల్లా నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడండి. ఆర్వో మెషీన్ నుంచి పక్కకి వచ్చే వృథా నీళ్లు మాత్రం వద్దు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ ఉంటాయి, అవి బండలు తుడుచుకోవడానికి ఉంచుకోండి.

సరే, రాత్రి చేయాల్సిన పని. ఖరీదైనది ఏమీ లేదు, వరుస ముఖ్యం. పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు పాదాలు పెట్టించండి. వేడినీళ్లు వద్దు, మీ మోచేతికి హాయిగా అనిపించాలి. అందులో డెట్టాల్ లాంటివి, ఉప్పు, షాంపూ, బేకింగ్ సోడా ఏవీ కలపకండి. పది నిమిషాలు కూర్చోవడం కష్టమైతే చిన్న ప్లాస్టిక్ పడవనో చేపబొమ్మనో టబ్బులో వేసి కథ చెప్పండి. తీశాక మెత్తటి నూలు తువ్వాలుతో అద్దండి, రుద్దకండి. వేళ్ల సందులు మాత్రం పూర్తిగా ఆరేలా అద్దాలి. ఇప్పుడు ఆలస్యం చేయకూడదు, చర్మంలో తడి ఇంకా ఉండగానే, మూడు నాలుగు నిమిషాల్లోపు పెట్రోలియం జెల్లీ మందంగా రాయాలి. జెల్లీ తనంతట తను చర్మానికి తేమ ఇవ్వదు, లోపలున్న నీటిని బయటికి పోకుండా మూత వేస్తుంది. ఎండిన పాదానికి రాస్తే మూత పెట్టడానికి లోపల నీళ్లే ఉండవు. "వాజ్‌లీన్ రాస్తూనే ఉన్నాం, తగ్గట్లేదు" అనే ఇళ్లల్లో పొరపాటు చాలాసార్లు ఇదే, రకం మార్చక్కర్లేదు, రాసే వేళ మార్చితే చాలు. వేళ్ల సందుల్లో రాయకండి, అక్కడ తడి నిలిస్తే తామరకి అవకాశం. పైన వదులుగా ఉండే నూలు సాక్స్ తొడిగి మంచం మీదే పడుకోబెట్టండి. జెల్లీ రాసిన కాళ్లతో గ్రానైట్ మీద నడిస్తే జారిపడతారు, ఇది చిన్న విషయం కాదు, మంచినీళ్లు, టాయిలెట్ అన్నీ ముందే అయిపోవాలి.

చీలిక లోతుగా ఉండి నొప్పి పెడుతుంటే ఆ చీలిక మీద జెల్లీయో జింక్ ఆక్సైడ్ పేస్టో నింపి పైన చిన్న ప్లాస్టర్ వేస్తే నడిచేటప్పుడు అంచులు విడిపోకుండా ఉంటాయి, తొందరగా అతుకుతుంది. లేచిన పొట్టుని గిల్లొద్దు, పిల్లల్ని గిల్లనివ్వొద్దు, గోళ్లు కత్తిరించి ఉంచండి. మరీ వేలాడే తోలు ఉంటే శుభ్రమైన కత్తెరతో అంత వరకే కత్తిరించండి.

పగలు సంగతి దీనికంటే ముఖ్యం, ముఖ్యంగా ముందు భాగం మెరుస్తూ పగిలిన పిల్లలకి. నైలాన్ బదులు నూలు సాక్స్, కాస్త మందంగా, చెమట పీల్చేవి. స్కూలు బ్యాగులో ఇంకో జత వేసి పంపండి, పీటీ పీరియడ్ తర్వాతో మధ్యాహ్నం భోజనం తర్వాతో మార్చుకోమనండి. ఎల్‌కేజీ పిల్లలైతే ఆయమ్మకి ముందే చెప్పి ఉంచాలి, చెప్తే చాలామంది ఇష్టంగానే చేస్తారు. వీలైతే రెండు జతల బూట్లు రోజు విడిచి రోజు. కుదరకపోతే సాయంత్రం లోపలి అట్ట బయటికి తీసి, బూటులో పాత న్యూస్‌పేపరు కుక్కి, ఫ్యాన్ గాలికి పెట్టండి. తోలు బూట్లు, కాన్వాస్ బూట్లు సింథటిక్ వాటికంటే గాలి ఆడతాయి. స్కూలు వాళ్లు నల్ల సింథటిక్ బూట్లే కావాలంటే డాక్టర్ చీటీ చూపించి శాండల్స్‌కి అనుమతి అడగొచ్చు, అడగడానికి మొహమాటపడకండి. ఇంటికి రాగానే బూట్లు విప్పి, పాదాలు కడిగి, తుడిచి, అప్పుడే ఒకసారి పల్చగా జెల్లీ రాసేసి సాక్స్ వేస్తే నానిన చర్మం ఒక్కసారిగా ఆరిపోదు. సాయంత్రం ఈ అయిదు నిమిషాలు రాత్రి చేసే పని కంటే ఎక్కువ ఫలితం ఇస్తాయి, నా మాట నమ్మి రెండు వారాలు చూడండి.

కొనేటప్పుడు సువాసన లేనిది కొనండి, అంతే. డబ్బా ఖరీదుకీ పనికీ సంబంధం తక్కువ. గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్న క్రీములు పగటిపూట రాయడానికి బాగుంటాయి, జిడ్డు తక్కువ. యూరియా ఉన్న క్రీములు గట్టిపడిన చర్మాన్ని మెత్తబరుస్తాయి కానీ పగుళ్ల మీద చురుక్కుమంటాయి, 10 శాతం దాకా ఉన్నవి కాస్త పెద్ద పిల్లలకి డాక్టర్లు రాస్తుంటారు, పసిపిల్లలకి వద్దు. పెద్దల మడమల క్రీముల్లో 20, 40 శాతం యూరియా, శాలిసిలిక్ యాసిడ్ ఉంటాయి. పిల్లల చర్మం పల్చన, బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, అందువల్ల రాసింది ఒంట్లోకి ఎక్కువగా వెళ్తుంది. అమ్మ వాడే ట్యూబే పాపకీ అనుకోవడం ఇందుకే మంచిది కాదు.

ఇక అమ్మమ్మ వైద్యాలు. అన్నింటినీ కొట్టిపారేయను. కొబ్బరినూనె మంచిది, చర్మం పొరల మధ్య కొవ్వు పదార్థాల్లో కలిసి తేమ పోకుండా చూస్తుంది, తడి పాదానికి రాస్తే చాలామంది పిల్లలకి అదే సరిపోతుంది. ఆలివ్ నూనె, ఆవనూనె అంత మంచివి కావు, వాటిలోని కొన్ని కొవ్వు ఆమ్లాలు చర్మం రక్షణ పొరని బలహీనం చేస్తాయి. కానీ కొబ్బరినూనెలో కర్పూరం కలపడం, దయచేసి మానేయండి. కర్పూరం కొద్దిగా కడుపులోకి వెళ్లినా చిన్నపిల్లలకి ఫిట్స్ వస్తాయి, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి ఇంకుతుంది, పగిలిన చర్మం ద్వారా ఇంకా తొందరగా. పూజగదిలో ఉండేది కదా, ఏమవుతుందిలే అనుకుంటాం, అదే ప్రమాదం. వేపనూనె కూడా పసిపిల్లలు మింగితే విషమే, అందని చోట పెట్టండి. పసుపు ముద్ద పెడితే పెద్ద హాని లేదు కానీ ఆ రంగు కింద ఎరుపు, చీము కనిపించకుండా పోతాయి. నిమ్మరసం పగుళ్ల మీద మంట, ఎండ తగిలితే మచ్చ. కొవ్వొత్తి మైనం కరిగించి పోయడం కాలిన గాయాలకి దారి. తేనె ఏడాది లోపు పిల్లల పాదాలకి కూడా వద్దు, ఆ వయసులో కాలి బొటనవేలు నోట్లోకి వెళ్లకుండా ఉంటుందా, తేనెలో ఉండే బ్యాక్టీరియా పసికందులకి ప్రాణాంతకం కావచ్చు.

ఆషాఢంలో గోరింటాకు పెడితే పగుళ్లు పోతాయనే మాట మన దగ్గర బాగా ఉంది. చెట్టు నుంచి కోసి రుబ్బిన ఆకు చాలామంది పిల్లలకి ఏమీ చేయదు, సరదాగా పెట్టుకోనివ్వండి, పగుళ్ల మందుగా మాత్రం లెక్కేయకండి, ఆరాక చర్మాన్ని ఇంకా పొడిబారుస్తుంది. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకి మాత్రం అస్సలు వద్దు, గోరింటాకు వల్ల వాళ్లకి ఎర్ర రక్తకణాలు పగిలి పచ్చకామెర్లు వచ్చిన సందర్భాలున్నాయి. నల్లగా పండే కోన్లలో కలిపే పీపీడీ రసాయనం ఎవరికీ మంచిది కాదు. అలాగే ఎగ్జిమా ఉన్న పిల్లలకి మీగడ, సెనగపిండి, పల్లీనూనె లాంటి తినే వస్తువులు పగిలిన చర్మం మీద రాయకపోవడం మేలు, పగిలిన చర్మం గుండా వెళ్లిన ఆహారానికి తర్వాత అలర్జీ తయారయ్యే అవకాశం ఉంది.

నేను అన్నింటికంటే గట్టిగా చెప్పేది మెడికల్ షాపులో ఇచ్చే ట్యూబు గురించి. "రెండు రోజుల్లో తగ్గింది" అన్న ట్యూబుల్లో చాలావాటిలో ఒకేసారి మూడు మందులు ఉంటాయి: ఒక స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, ఒక తామర మందు. జబ్బు ఏదో తెలియకుండా అన్నింటికీ ఒకే దెబ్బ అన్నమాట. స్టెరాయిడ్ ఎరుపునీ దురదనీ వెంటనే అణుస్తుంది కాబట్టి పనిచేసినట్టే ఉంటుంది, ఆపగానే తిరిగొస్తుంది. అసలు అది తామర అయితే స్టెరాయిడ్ కింద హాయిగా పెరుగుతుంది, గత కొన్నేళ్లుగా మన దేశంలో మందులకి లొంగని మొండి తామర ఇంతగా వ్యాపించడంలో ఈ ట్యూబుల పాత్ర పెద్దదని చర్మవైద్యులు మొత్తుకుంటున్నారు. 2018లో కేంద్రం చర్మానికి రాసే 14 రకాల స్టెరాయిడ్లను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అయినా అడిగితే ఇస్తూనే ఉన్నారు. ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్ లాంటి పేరు ఉంటే అది స్టెరాయిడ్. స్టెరాయిడ్ అంటేనే చెడ్డదని కాదు, మంట ఎక్కువున్న పాదానికి డాక్టర్ సరైన బలం ఉన్నది కొన్ని రోజులకి రాస్తారు, అప్పుడు వాడాల్సిందే. డాక్టర్ చూడకుండా మనంతట మనం మొదలుపెట్టకూడదు.

విటమిన్ లోపమా అని అడిగేవాళ్లు చాలామంది. మామూలుగా తిని ఆడుకునే పిల్లకి అరికాళ్లు మాత్రమే పగిలితే టానిక్ అవసరం దాదాపు ఉండదు. నీళ్లు ఎక్కువ తాగించినంత మాత్రాన కూడా అరికాలు అతుక్కోదు. పోషకాహార లోపం వల్ల చర్మం పగిలే జబ్బులు మన ప్రాంతానికి కొత్త కాదు, జొన్న తప్ప వేరే తిండి దొరకని రోజుల్లో దక్కన్ పల్లెల్లో పెల్లాగ్రా ఉండేది, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్ బృందం 1960ల్లో దాని మీదే విలువైన పరిశోధన చేసింది. అయితే పెల్లాగ్రా చర్మం మీద కనిపించేది ఎండ తగిలే చోట, మెడ చుట్టూ, చేతుల వెనక, పాదాల పైభాగంలో. అరికాల్లో కాదు. ఇక్కడ కూడా చోటు చూస్తేనే విషయం తెలుస్తుంది.

ఎన్నాళ్లు పడుతుంది? పైచర్మం అడుగు నుంచి పైకి కొత్తగా రావడానికి సుమారు నాలుగు వారాలు, అరికాల్లో ఇంకా ఎక్కువ. మంట, నొప్పి వారంలో తగ్గుతాయి, చూడటానికి బాగవడానికి నెల దాటుతుంది. వారానికొక క్రీమ్ మార్చితే దేనికీ సమయం ఇచ్చినట్టు ఉండదు. తగ్గాక కూడా చలికాలమంతా స్నానం అయ్యాక రాయడం ఆపకండి.

రెండు మూడు వారాలు పద్ధతిగా చేసినా మార్పు లేకపోతే డాక్టర్‌కి చూపించాలి. చీము, వాపు, వేడి, ఎరుపు పైకి పాకడం, జ్వరం, కుంటుతూ నడవడం ఇవి ఉంటే అంతకాలం ఆగకూడదు, ఆ రోజే వెళ్లాలి. రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద ఉండి ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే గజ్జి కావచ్చు, అప్పుడు ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు వాడాలి. షుగర్ ఉన్న పిల్లల పాదాల పగుళ్లు ఇంట్లో చూసుకునేవి కావు. ముందుగా చూపించుకోవడానికి దగ్గర్లోని బస్తీ దవాఖానా ఉంది, అక్కణ్ణుంచి అవసరమైతే నిలోఫర్ పిల్లల ఆసుపత్రికో, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల చర్మవిభాగాలకో పంపుతారు. తామర అనుమానం ఉంటే కాస్త పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద చూస్తారు, పిల్లలకి నొప్పి ఉండదు. ఆ పరీక్ష సరిగ్గా రావాలంటే ముందు కొన్ని రోజులు తామర క్రీమ్ రాయకుండా ఉండాలి, ఎన్ని రోజులో ఫోన్ చేసి అడగండి. వెళ్లేటప్పుడు పిల్లలు రోజూ వేసుకునే బూట్లు, సాక్స్, మొదట్లో తీసిన ఫొటోలు, ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి, అయిపోయినవి కూడా.